లెక్కకు రాని గాలి

బండికి పెట్రోలు తాగించడమే మనకు తెలుసు. అది తాగేదానికంటే పీల్చేదే యెక్కువన్న సంగతి నాకు మొన్న వేసవి సెలవుల్లో, టెక్సాస్ రాష్ట్రంలో, మా అన్నయ్యగారి గరాజిలో తెలిసింది. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. తెలుగు యెమ్మే చదివి, కాలేజీలో ప్రబంధాలు పాఠం చెప్పుకునేవాడికి యీ లెక్కలతో పనేమిటంటారా? పని పడింది, చెబుతాను.

అన్నయ్య పోయి రెండేళ్లయింది. డల్లాసు పక్కన ప్లేనోలో వదినా, యిరవై యేళ్ల కొడుకూ వుంటున్నారు. అన్నయ్య ముచ్చటపడి కొనుక్కున్న పికప్ ట్రక్కు, 2002 నాటి ఫోర్డ్ ఎఫ్-150, వాకిట్లో అలాగే వుంది. వెనకాల సామాను వేసుకునే తొట్టి వుంటుంది చూశారూ, ఆ రకం బండి. అక్కడ ఆఫీసులకు వెళ్లేవాళ్లు కూడా సరదాకి వాటినే తోలుతారు. దాన్ని చూస్తే వదినకు కడుపు తరుక్కుపోతుంది. "అమ్మేయమంటే వినడు. నీ మాటైనా వింటాడేమో, కాస్త చెప్పి చూడు" అని నేను దిగిన మర్నాడే నాకు పని అప్పగించింది.

చెబుదామనే గరాజిలోకి వెళ్లాను. మావాడు బోనెట్టు యెత్తి, తల లోపల పెట్టి వున్నాడు. "బాబాయ్, ఆ లైటు కాస్త యిటు పట్టు" అన్నాడు. పట్టాను. నాలుగు రోజులు పట్టాను.

వాడు బండికి కొత్త ముక్కు తయారుచేస్తున్నాడు. కంపెనీవాళ్లు అమర్చిన ప్లాస్టిక్ పెట్టే, దాని గొట్టమూ తీసేసి, నున్నటి అల్యూమినియం గొట్టం, దాని కొసని గరాటు ఆకారపు ఫిల్టరు పెడతాడట. అతుకులకు సిలికాన్ రబ్బరు తొడుగులు, బిగించడానికి క్లాంపులు. యివన్నీ బజారులో తయారుగానే దొరుకుతాయి కదరా అన్నాను.

"ఫిల్టరు నాన్న కొన్నదే బాబాయ్. మిగతాది యిద్దరం కలిసి చేద్దామనుకున్నాం" అన్నాడు తలెత్తకుండానే.

అట్టపెట్టె సీలు అప్పుడే విప్పినట్టుంది. అమ్మకం మాట నా నోట రాలేదు.

ఆ ఇంజను 4.6 లీటర్లది. రెండు చుట్లకొకసారి నిండా వూపిరి తీస్తుంది. నిమిషానికి 4000 చుట్లు తిరిగిందనుకోండి, లెక్కప్రకారం 9200 లీటర్ల గాలి. నిజానికి కొంత తగ్గుతుందిగాని, తక్కువేమీ కాదు. అంత గాలీ చల్లగా కూడా వుండాలి. బయట 38 డిగ్రీల యెండ, బోనెట్టు కింద 60 వున్నాయంటే, లోపలి గాలి నూటికి ఆరేడు పాళ్లు పలచన. అందుకని ఫిల్టరుకూ ఇంజనుకూ నడుమ రేకు తడిక కట్టాలి. రేకు యెక్కడిదంటారా? వదిన కేకులు చేసుకునే అల్యూమినియం పళ్లెం! కత్తిరించి, వంచి, అంచులకు రబ్బరు తొడిగాడు. నేను చూడనట్టే వూరుకున్నాను.

గాలి వచ్చే దారిలో ఒక సన్నని తీగ వుంటుంది. కరెంటుతో దాన్ని వేడిగా వుంచుతారు. గాలి దాన్ని చల్లారుస్తుంది. మళ్లీ వేడెక్కడానికి యెంత కరెంటు పట్టిందో చూసి, యెంత గాలి పోయిందో బండిలోని కంప్యూటరు లెక్కకట్టి, తగినంత పెట్రోలు పోస్తుంది. తీగ వున్న గొట్టం వెడల్పు మారిందా, లెక్క తప్పుతుంది. అందుకే మావాడు ఆ ముక్కను తాకకుండా, కంపెనీది కంపెనీదిగానే బిగించాడు. నూనె పూసిన ఫిల్టర్లయితే ఆ నూనె తీగకు అంటుకోవచ్చట. అన్నయ్య అదీ ఆలోచించే నూనెలేని రకం కొన్నాడు కాబోలు.

మూడో రోజు సాయంత్రం తాళం తిప్పితే, ఇంజను ఆయాసపడుతూ ఒకసారి పైకి, ఒకసారి కిందికి! "లెక్కకు రాని గాలేదో దూరుతోంది బాబాయ్" అన్నాడు. తీగను దాటిన తరువాత యే సందునుంచో గాలి వెళితే కంప్యూటరుకు తెలియదు, పెట్రోలు చాలదు. వాడొక రబ్బరు గొట్టం ముక్క నా చేతికిచ్చి, ఒక కొస చెవి దగ్గర పెట్టుకొని రెండో కొసతో అతుకులన్నీ వెతకమన్నాడు. విద్యార్థుల పద్యాల్లో యతి తప్పితే పట్టే చెవి కదా, పట్టింది. ఇంజను నుంచి వచ్చే సన్నగొట్టం కోసం వాడు పొడిచిన చిల్లు దగ్గర "స్స్" మంటోంది. మందపాటి రబ్బరు వాషరు వేస్తే ఆయాసం కుదుటపడింది.

"బలం యెంత పెరిగిందిరా?"

"తెలిసేటంత పెరగదు బాబాయ్. కంపెనీ పెట్టె మరీ చెడ్డదేం కాదు."

చప్పుడు మాత్రం మారింది సుమండీ. యాక్సిలేటరు తొక్కితే లోపలినుంచి బొంగురుగా ఒక గర్జన. ఆ చప్పుడుకే వదిన బయటికొచ్చింది. చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో చాలాసేపు నుంచుంది.

"మీ అన్నయ్య వున్నప్పుడు యిలా అరిచేది కాదు" అంది నాతో.

"నాన్న యిలాగే అరవాలన్నాడమ్మా" అన్నాడు మావాడు.

ఆవిడ వాడికేసి చూసింది. చెప్పులు వేసుకొచ్చి ముందుసీట్లో కూర్చుంది. యిండియా సరుకుల కొట్టుకు వెళ్లి, బియ్యం బస్తా తొట్టిలో వేసుకొచ్చాం. దారిలో యెవరం పెద్దగా మాట్లాడలేదు.

అమ్మకం సంగతి వచ్చే యేడు చూద్దామంది. కేకు పళ్లాలు మాత్రం వాడి డబ్బుతోనే రెండు కొనిపించింది.