శాంతిపథ్‌కు ఒక దరఖాస్తు

ఢిల్లీలోని వసంత్ కుంజ్‌లో బస్సెక్కి నెల్సన్ మండేలా మార్గ్ మీదుగా వసంత్ విహార్ దాటితే, చాణక్యపురి ఎంతో దూరం లేదు. శాంతిపథ్‌కు అటూ ఇటూ దేశదేశాల రాయబార కార్యాలయాలు. ఆ ఎత్తయిన గోడల వెనక వీసా కౌంటరు తప్ప మనకు పనికొచ్చేది మరేదీ ఉండదని చాలామంది అనుకుంటారు. కానీ వాటిలో పెద్దవాటికి సంస్కృతి, ప్రజాసంబంధాలు చూసే విభాగం ఒకటి ఉంటుంది. మీ ప్రజలకూ మా ప్రజలకూ పరిచయం పెంచే పని ఏదైనా చేస్తామంటే కొంత డబ్బు ఇస్తామని ఆ విభాగాలు అప్పుడప్పుడు ప్రకటన ఇస్తుంటాయి. మొత్తం చిన్నదే. మన జిల్లాల్లో పదిమంది కలిసి నడుపుకునే సంస్థకు మాత్రం అది చిన్నది కాదు.

వసంత్ కుంజ్‌లో మేముండే డీడీఏ ఫ్లాట్లలో కేంద్ర సర్వీసుల్లో పనిచేసి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్లు కొందరున్నారు. ఊళ్ల నుంచి వాళ్లకూ నాకూ ఫోన్లు వస్తుంటాయి. “మీరు ఢిల్లీలోనే ఉన్నారు కదండీ, ఎంబసీ గ్రాంటుకు కాస్త రాసిపెట్టండి” అని. ఫోన్ చేసినవాళ్లు పంపిన చిత్తుప్రతి చూస్తే మొదటి పేజీ నిండా పేదరికమే. కళాకారులకు తిండి లేదు, భవనానికి కప్పు లేదు, ప్రభుత్వం పట్టించుకోలేదు. అందులో ప్రతి మాటా నిజమే. అయినా ఆ దరఖాస్తు తిరిగొస్తుంది.

ఎందుకంటే ఇది దానం కాదు. అమెరికా రాయబార కార్యాలయాల చిన్న గ్రాంట్ల ప్రకటనల్లో వేటికి డబ్బు ఇవ్వరో స్పష్టంగా రాసి ఉంటుంది: పార్టీ రాజకీయాలు, మత కార్యక్రమాలు, చందాల సేకరణ, శాస్త్ర పరిశోధన, భవన నిర్మాణం, దాతృత్వ కార్యక్రమాలు. సంస్థ తన ఎదుగుదల కోసమే పెట్టుకునే పనికీ ఇవ్వరు. దానికి తోడు, తలపెట్టిన పనిలో అమెరికాకు సంబంధించిన అంశం ఏదో ఒకటి తప్పనిసరిగా ఉండాలి, అక్కడి నిపుణుడో, అక్కడి అనుభవమో. జపాన్ దారి వేరు. 1989లో మొదలైన వారి గ్రామస్థాయి సాయ పథకం బడికీ, ఆసుపత్రికీ, మంచినీళ్లకూ సాధారణంగా కోటి యెన్ల లోపు ఇస్తుంది. అక్కడ అవసరమే ముందు రాయాలి. రెండు తలుపులూ ఒకటే అనుకుని ఒకే కాగితం రెండు చోట్లా ఇచ్చినవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది, వాళ్ల పని అంత మంచిది కాబట్టి.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట సంగతే తీసుకుందాం. ఆ ఊళ్లో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి ఊరి బృందం ‘మా కళ అంతరించిపోతోంది, ఆదుకోండి’ అని రాస్తే చదివే అధికారికి జాలి కలగవచ్చు, కానీ తన పట్టికలో వేసుకోవడానికి మార్కు ఏదీ దొరకదు. అదే బృందం ఇలా రాస్తే? ‘మేకతోలును పలచగా, వెలుగు దూరేలా ఎలా సాగదీయాలో, రంగు ఎలా ఎక్కించాలో మాకు తెలుసు. మీ దేశంలో తెరమీద నీడలతో కథ చెప్పేవాళ్లున్నారు. వాళ్లలో ఇద్దరు వచ్చి రెండు వారాలు మాతో కూర్చోవాలి. చివర అనంతపురంలో రెండు కాలేజీల్లో కలిసి ఒక కథ ఆడతాం.’ ఇందులో పేదరికం ప్రస్తావనే లేదు, వాళ్ల పనితనం ఉంది. ఇవ్వగలిగినది తమ దగ్గర ఉన్నదని చెప్పుకునే మనిషి ముందు ఎదుటివాడు కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంటాడు.

ఈ పరిచయం అమెరికాతోనే కానక్కర్లేదు. చాణక్యపురిలోనే ఇండోనేషియా రాయబార కార్యాలయం ఉంది. జావా తోలుబొమ్మలు ఆడేదీ మన రామాయణ భారతాలే, వాటిని చేసేదీ తోలుతోనే. నిమ్మలకుంట, జావాలోని జోగ్యకర్త ఒక తెర వెనక కూర్చున్న రోజు చూడాలని నాకు గట్టి కోరిక.

మన దగ్గర ఈ తరహా డబ్బు ఏం చేయగలదో చూడాలంటే హైదరాబాద్ వెళ్లాలి. అమెరికా కాన్సులేట్ అక్కడ 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలైంది. 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. అదే ఏడాది పైగా వంశపు సమాధుల్లో ఆరింటి పరిరక్షణకు ఆ దేశ రాయబారుల సాంస్కృతిక నిధి నుంచి 2,50,000 డాలర్లు ప్రకటించారు. పని ఆగా ఖాన్ ట్రస్ట్‌ది. అంతకుముందు కుతుబ్‌షాహీ సమాధుల తోటలో తారామతి, ప్రేమామతి సమాధులకు కూడా ఆ నిధే సాయపడింది. ఇవి నేను చెబుతున్న చిన్న గ్రాంట్ల కంటే చాలా పెద్దవి, నిపుణులున్న పెద్ద సంస్థలు చేసినవి. అయినా తమ పదిహేనేళ్ల ఇంటిని కట్టించిన వంశపు సమాధులకు ఒక పరాయి ప్రభుత్వం సున్నం, గచ్చు పని చేయించడంలో ఒక మర్యాద ఉంది. అది నాకు నచ్చింది.

వసంత్ కుంజ్ పక్కనే సుల్తాన్ ఘారీ ఉంది. ఇల్తుత్‌మిష్ తన కొడుకు కోసం 1231లో కట్టించిన సమాధి, భారతదేశంలో ఇలాంటి కట్టడాల్లో తొలిదంటారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, హిందువులూ ముస్లింలూ, గురువారాలు వచ్చి దీపం పెట్టి వెళ్తారు. ఆ రాళ్లను చూసుకోవడానికి పురావస్తుశాఖ ఉంది. ఆ గురువారాలను రాసిపెట్టడానికి ఎవరూ లేరు. ఒక చిన్న గ్రాంటుకు సరిపోయే పని అది, ఆసక్తి ఉన్న జేఎన్‌యూ విద్యార్థులు నలుగురు చాలు.

ఆలోచన బాగున్నా కాగితాల దగ్గర ఆగిపోతారు. రాయబార కార్యాలయం ఇచ్చేది విదేశీ ప్రభుత్వపు డబ్బు కాబట్టి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో అసలు పనిమీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. అంత లేనివాళ్లు ఆ ఒక్క గ్రాంటుకు ముందస్తు అనుమతి అడగవచ్చు, దాత ఇచ్చే హామీ లేఖతో. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట చేరాల్సింది ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాకే. ఖాతా తెరవడానికి ఢిల్లీ రానక్కర్లేదు, దగ్గరి శాఖలోనే పని మొదలవుతుంది. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. వచ్చిన డబ్బులో వాటా మరో సంస్థకు ఇవ్వకూడదు. ఈ చివరి నిబంధన తెలియక పక్క ఊరి బృందాన్ని బడ్జెట్‌లో భాగస్వామిగా చూపితే మొత్తం దెబ్బతింటుంది.

అమెరికా గ్రాంటయితే అదనంగా వాళ్ల శామ్ (SAM.gov) వెబ్‌సైట్‌లో నమోదై పన్నెండు అక్షరాల గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలి, ఎస్‌ఎఫ్-424 ఫారం నింపాలి. నమోదు పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే మధ్యవర్తిని నమ్మవద్దు. సొసైటీ సర్టిఫికెట్‌లో, పాన్‌లో, బ్యాంకు పుస్తకంలో సంస్థ పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. తెలుగు పేరును ఇంగ్లీషులో ఒక్కోచోట ఒక్కోలా రాసుకునే మనకు ఇదే పెద్ద గండం.

ఈ డబ్బు తీసుకోవచ్చా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఇచ్చే దేశం తన మంచిపేరు కోసమే ఇస్తుంది, ఆ మాట దాచదు. మన దేశమూ 2003 నుంచి నేపాల్‌లో బళ్లకూ ఆరోగ్య కేంద్రాలకూ రాయబార కార్యాలయం ద్వారా ఇలాగే ఇస్తోంది. నా ఆందోళన వేరు: ఒక్క గ్రాంటు మీద సంస్థ మొత్తం ఆనుకోవడం. 2025 జనవరిలో వాషింగ్టన్ విదేశీ సాయాన్ని సమీక్ష పేరుతో 90 రోజులు ఆపేసినప్పుడు ఎన్నో దేశాల్లో పనులు నడిమధ్యలో నిలిచిపోయాయి. కాబట్టి ఆగిపోయినా సంస్థ బతికుండే పనికే అడగండి.

అడగదలచుకుంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు అమెరికా తరఫున దగ్గరి చిరునామా హైదరాబాద్ కాన్సులేట్. ప్రకటన వచ్చేదాకా ఆగకుండా గుర్తింపు సంఖ్య పని ఇప్పుడే మొదలుపెట్టండి, దానికి వారాలు పడుతుంది. బడ్జెట్‌లో ప్రతి అంకె పక్కన అది ఎందుకో ఒక వాక్యం రాయండి. ఎంతమంది వచ్చారన్న లెక్కతో పాటు, వచ్చినవాళ్లు ఏం నేర్చుకున్నారో ఎలా తెలుసుకుంటారో కూడా చెప్పండి. ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. మొదట తెలుగులో, మీరు మాట్లాడినట్టే రాసి పంపండి. మిగతాది ఇక్కడ కూర్చుని మేం చేస్తాం.