బావురుపిల్లీ, మడ అడవీ

అడవి జంతువుల గొడవ తిన్నదరగనివాళ్ళ కాలక్షేపమని మన మిత్రుల్లో కొందరి అభిప్రాయం. కూలివాడి కడుపు సంగతి తేలకుండా పిల్లి సంగతేమిటని వారు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. కాని గోదావరి సముద్రంలో కలిసేచోట ఈ రెండు సంగతులనూ విడదీయటానికి వీల్లేదు.

బావురుపిల్లి ఇంటిపిల్లి కన్న బాగా పెద్దది. దానికి నీళ్ళంటే భయం లేదు. రాత్రిపూట గట్టున పొంచి కూచుని చేపను పంజాతో కొడుతుంది, అవసరమైతే మునిగి పట్టుకుంటుంది. మన సామెతల్లో పిల్లి పాలూ ఎలుకా తప్ప ఎరగదు. వాటిని పుట్టించినవాళ్ళు మడ అడవి మొహం చూసివుండరు! అంతర్జాతీయ పట్టికల్లో ఇది ముప్పులో వున్న జాతి. కాకినాడ దగ్గరి కోరింగలో 2018లో అటవీశాఖ వేసిన అంచనా 115.

దాన్ని కాపాడాలంటే ముందు మడను బతికించాలి. మడ బతకాలంటే పోటునీరు లోపలికి వచ్చి, పాటుకు వెనక్కు పోవాలి. పూర్వం కూపులు వేసి చెట్లను మొదలంటా నరికించారు. నీడ పోయిన బురద ఎండి కుంగింది. ఆ పల్లంలో నిలిచిన ఉప్పునీరు ఆవిరై ఉప్పు మిగిలింది. అటువంటి నేలలో ఎన్ని మొక్కలు నాటి ఫొటోలు తీయించుకున్నా ఒక్కటీ బతకదు. 1990ల చివరనుంచి స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీరగ్రామాల ప్రజలు కలిసి గోదావరి, కృష్ణా మడల్లో చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వారు. నడుమ పెద్ద కాలవ, దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్లకాలవలు. పోటు వచ్చి ఉప్పును కడిగింది. గట్లవెంట తెల్లమడ, నల్లమడ లేచాయి. ఆ వేళ్ళ సందున రొయ్యపిల్లలూ పీతలూ పెరుగుతాయి. వాటిని పట్టి బతికే జాలరికీ, బావురుపిల్లికీ కూడు ఒక్కచోటే.

అడవి తరిగిందంటే మాత్రం నింద ముందుగా కట్టెపుల్లలు ఏరుకునే ఆడమనిషి మీద పడుతుంది. మడను తవ్వి రొయ్యల చెరువు చేసినవాడు ఎగుమతిదారుగా గౌరవం పొందుతాడు. 1996లో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువులను తొలగించమన్నది. 2005లో పార్లమెంటు చట్టం చేసి వాటికి రిజిస్ట్రేషను దారి చూపింది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి ఏదో వేరే చెప్పనక్కరలేదు. చెరువుల్లో కొందరికి కూలి దొరికిన మాట నిజం. కాని వరిచేను పెట్టినంత మందికి చెరువు పని పెట్టదు.

తవ్విన కాలవలు కొన్నేళ్ళకు పూడిపోతాయి. ఒండ్రు తీయకపోతే పోటు ఆగి, మళ్ళీ ఉప్పు పేరుతుంది. పూడిక తీయటం ప్రారంభోత్సవాలకు పనికివచ్చే పని కాదు. మోకాటిలోతు బురదలో దిగవలసినవాళ్ళు ఆ వూళ్ళ జాలరులే. వారి కూలి ఏ పద్దు కింద, ఎన్నేళ్ళపాటు ఇస్తారో అటవీ పథకాల్లో ముందుగా రాయాలి.