కొలిచినంకనే కోత

వేములవాడల మా భాయిజాన్‌కు మెకానిక్ షెడ్డు ఉన్నది. ముప్పై ఏండ్ల సంది ఆటోలు, బైకులు, ట్రాక్టర్ల ఇంజన్లు ఇప్పి బిగిస్తున్నడు. ఒక్క పని మాత్రం ఆ షెడ్డుల కాదు. అరిగిన సిలిండర్‌ను బోర్ చేసుడు. బ్లాకును గోనెసంచిల చుట్టి కరీంనగర్ బస్సెక్కిస్తడు. రెండు మూడు రోజులకు అది వాపస్ వస్తది.

‘బోరింగ్ మిషన్ మనమే తెచ్చుకుందాం’ అని మా భాయిజాన్ కొడుకు రెండేండ్ల సంది అడుగుతున్నడు. ఐటీఐల టర్నర్ చదివిండు. మొన్నటి శివరాత్రి జాతర దాకా ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు.

జాతరకు వారం ముందు ఒక డీజిల్ ఆటో వచ్చింది. మాకు తెలిసిన పిలగాడిదే. రాజన్న గుడికి, గుళ్లెనే ఉన్న దర్గాకు వచ్చే జనాన్ని బస్టాండు నుంచి తోలుతడు. జాతర నాలుగు రోజుల కమాయితోని పిల్లల ఫీజు కడుతడు. ఇంజన్ బోరై వచ్చింది, భాయిజాన్ బిగించిండు, బండి పోయింది. జాతర మొదటి రోజే ఇంజన్ సీజ్ అయింది. పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్ గోడను పట్టేసింది.

బోర్ చేసినాయన ‘నా పని సక్కగనే ఉన్నది, ఆయిల్ చూసుకోలేదేమో’ అన్నడు. అది అబద్ధమని చెప్పెటందుకు మా దగ్గర సబూత్ లేదు. గోడంతా గీరుకపోయినంక అసలు కొలతెంతో ఇంకెవరు చెప్పగలరు? భాయిజాన్ మల్ల సొంత పైసలు పెట్టి ఇంజన్ చేయించిండు. కాని పోయిన జాతరను ఎట్ల తెచ్చిస్తడు?

ఆ జుమ్మా నమాజ్ అయినంక ఇంట్ల మశ్వరాకు కూసున్నం. ‘కబ్ తక్ బాహర్ భేజ్‌తే, అబ్బా?’ అన్నడు పిలగాడు. పాత బోరింగ్ మిషన్, హోనింగ్ మిషన్, కింద పునాది, త్రీ ఫేస్ కరెంటు, అన్నీ కలిపి హిసాబ్ రాసుకొచ్చిండు. నాలుగు లక్షలు దాటింది. బ్యాంకు లోను తీసుకుందామన్నడు.

‘సూద్ కా పైసా నక్కో’ అన్నది భాభీ. భాయిజాన్ బాధ ఇంకొకటి. ‘సూద్ సంగతి ఒకటి. ఖిస్తు తారీఖు దగ్గరపడితే, రింగులు మారిస్తే సరిపోయే ఇంజన్‌ను గూడ బోర్ చేయాలనిపిస్తది. సిలిండర్‌కు ఓవర్‌సైజులు ఎన్నున్నయి? 0.25, 0.50, 0.75, మహా అయితే 1.00. ఒక్కసారి కోస్తే దాని ఉమ్రల ఒక మెట్టు పోయినట్టే. కోసిన ఇనుము మల్ల అతకదు.’

లెక్కలు చూద్దామని నేను షెడ్డు నోటుబుక్కు తెరిచిన. ఏడాదిల పూర్తిగ ఇప్పిన ఇంజన్లు 41. అందుల 17 ట్రాక్టర్లు, పాత లైనర్ గుంజి కొత్తది పెట్టేటివి, బోరింగే అక్కర లేదు. 13 బైకులకు సిలిండర్, పిస్టన్ కలిపి కొత్త సెట్టే ఎక్కించిండ్రు. నిజంగ బోర్‌కు పోయినవి 11. అందుల ఎనిమిదింటికి క్రాంక్ గ్రైండింగ్ గూడ ఉన్నది. బోరింగ్ మిషన్ మా ఇంట్ల ఉన్నా ఆ ఎనిమిది కరీంనగర్ పోక తప్పదు. పిలగాడు ఏం మాట్లాడలేదు.

వాని మొఖం చూసి నేనొక కిస్సా చెప్పిన. ఆవిరి ఇంజన్ పేటెంట్ జేమ్స్ వాట్ 1769లనే తీసుకున్నడు. కాని గుండ్రంగ ఉండే సిలిండర్ దొరకలేదు. ఎంత కూరినా ఆవిరి సందుల్లకెల్లి పోయేది. ఫిరంగులు తొలిచే జాన్ విల్కిన్‌సన్, రెండు దిక్కుల ఆనిక ఉన్న కడ్డీతోని సిలిండర్ తొలిచి ఇచ్చినంకనే, 1776ల వాట్ ఇంజన్లు పనిలకు దిగినయి. దగ్గరదగ్గర ఇరవై ఏండ్లు వాట్, ఆయన షరీక్ బోల్టన్ సిలిండర్లు ఎక్కువగా ఆయన దగ్గరనే చేయించుకున్నరు. విల్కిన్‌సన్ తమకు చెప్పకుంట ఇంజన్లు చేసి అమ్ముతున్నడని తెలిసి, భరోసా పోయినంక, 1795ల సోహో ఫౌండ్రీ కట్టుడు మొదలుపెట్టిండ్రు.

‘సూశినవా అబ్బా, వాళ్లు గూడ ఆఖరికి సొంతంగనే పెట్టుకున్నరు’ అన్నడు పిలగాడు.

భాయిజాన్ నా దిక్కు తిరిగిండు. ‘అది సరే తమ్మీ, ఆ ఇరవై ఏండ్లు, వచ్చిన సిలిండర్ సక్కగున్నదా లేదా అని వాట్ సాబ్ చూసుకున్నడా?’

‘చూసుకోకుంట ఎట్లుంటడు?’ అన్న.

భాయిజాన్ తల దించుకున్నడు. ‘మరి నేను చూసుకోలేదు. ఆ ఆటో పిస్టన్ అప్పటికి రాలేదు. జాతర దగ్గరికొచ్చిందని జల్దీల బ్లాకు ఒక్కటే పంపిన, చిట్టీ మీద 50 ఓవర్‌సైజ్ అని రాసి. పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గట్టు బోర్ చేయాలె. అటు ఆయన కొలవలేదు, ఇటు నేను కొలవలేదు. అమానత్ నాది, గల్తీ గూడ నాదే.’

ముప్పై ఏండ్ల ఉస్తాద్ కొడుకు ముంగట ఈ మాట అన్నడు. మా అబ్బా తరం మిస్త్రీలు సూత్‌లల్ల లెక్కవెట్టేటోళ్లు. సూత్ అంటే అంగుళంల ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్లకు జరంత ఎక్కువ. పిస్టన్‌కు, గోడకు నడుమ సందు మిల్లీమీటర్ల వందో వంతులల్ల ఉంటది. అక్కడ సూత్ పనికి రాదు, వేలి అందాజా గూడ పనికి రాదు. మా ఉర్దూ మీడియం బడిల కొలతను పైమాయిష్ అనేటోళ్లం. ఆ లఫ్జ్ నాకు షెడ్డుల ఎన్నడూ వినపడలేదు.

ఆ రోజు మిషన్ వద్దనుకున్నం. దాని బదులు బోర్ గేజ్, మైక్రోమీటర్లు తెచ్చినం. పదిహేను వేల లోపల అయింది, అప్పు లేదు, ఖిస్తు లేదు. ఇప్పుడు పిస్టన్ లేకుంట బ్లాకు బయటికి పోదు. వాపస్ వచ్చినంక చల్లారనిచ్చి పిలగాడు కొలుస్తడు. పైన, నడుమ, కింద, ఒక్కో తాన క్రాంక్ దిక్కు ఒకసారి, దానికి అడ్డంగ ఒకసారి. మొత్తం ఆరు అంకెలు నోటుబుక్కుల ఎక్కుతయి.

మూడో బ్లాకుల కింద సందు రెండు వందో వంతులు తక్కువ తేలింది. అంకెలు చిట్టీ మీద రాసి వాపస్ పంపినం. ఆ షాపాయన తక్‌రార్ పెట్టలేదు. చిట్టీ చూసి, తన గేజ్ పెట్టి చూసి, ఇంకొకసారి హోనింగ్ చేసి ఇచ్చిండు. పైసలు గూడ తీసుకోలేదు.

పిలగాడు మిషన్ ఆశ విడిచిపెట్టలేదు. ఐతవారం ఐతవారం ఆ షాపుకే పోయి పని నేర్చుకుంటున్నడు. వచ్చే ఏడాది నోటుబుక్కుల పదకొండు కాస్త ముప్పై అయితే మల్ల మశ్వరాకు కూసుందామని భాయిజాన్ అన్నడు. ఆటో పిలగాడు మొన్న సోమవారం గుడి కాడ కలిసిండు. బండి నిండ సవారీలున్నరు. చెయ్యెత్తి సలాం కొట్టి పోయిండు.