వంక మీద వరి

మోకాలి లోతు కూడా తవ్వకముందే గుంటలో నీళ్లు ఊరాయి. బాబాయి పార పక్కన పెట్టి, గట్టు మీద తెల్లగా తేలిన పొరను బొటనవేలి గోటితో గీకి నా అరచేతిలో వేశాడు. "నాలిక మీద పెట్టుకో. మా నాన్న ఈ నేల కొన్నప్పుడు నీళ్ల కోసం తవ్వేవాడు. నేను నీళ్లు పోవడానికి తవ్వుతున్నా" అన్నాడు. డెబ్బై దాటిన చేతులు అవి. పార కర్ర పట్టిన చోట కాయలు కాచి, వేళ్లు పూర్తిగా చాపినా చాపుకోవు.

ప్రకృతి సాయంతోనే పెద్ద ఎత్తున నేలను బాగుచేసుకునే పద్ధతుల మీద రాసుకు రమ్మని సంపాదకులు పంపారు. రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో, మనవాళ్లు వచ్చి స్థిరపడ్డ ఆంధ్రా క్యాంపుల్లో, మాకు చుట్టాలున్నారు గనక ఆ పని నాకు పడింది. కాలువ, తూము, రైస్ మిల్లు అన్నీ చూపించారు. నాకు ఆ గుంట తప్ప ఇంకేమీ పట్టలేదు.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. అప్పటికి రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. 227 కిలోమీటర్ల ఎడమ కాలువ తవ్వించినవాళ్లు వరి కోసం తవ్వించలేదు. కరువు నేలలో జొన్నకూ పత్తికీ వేరుశనగకూ ఆసరాగా తడులివ్వాలన్నది వాళ్ల ఆలోచన. వరికి రాసిపెట్టింది కొద్ది భూమే. కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి మనవాళ్లు వచ్చి, ముళ్లకంపలు కొట్టి, నేల చదును చేసి వరి నాటారు. ఆ కష్టం చిన్నది కాదు. చూసి స్థానికులూ నాటారు. సోనామసూరి బియ్యంతో సింధనూరుకు పేరొచ్చింది. ఆ పేరు చాటున జరిగింది మాత్రం క్యాంపుల్లో ఎవరూ గొంతెత్తి చెప్పరు.

నల్లరేగడిలోకి దిగిన నీరు త్వరగా బయటికి పోదు. నెలల తరబడి మడిలో నిలిచిన నీరూ, కాలువ గట్టులోంచి ఊటగా వచ్చే నీరూ కలిసి అడుగునీటిని పైకి ఎత్తుతాయి. మట్టి అడుగునున్న ఉప్పు దానితోపాటే పైకొస్తుంది. ఎండకు నీరు ఆవిరైపోతే ఉప్పు మిగులుతుంది. తుంగభద్ర ఆయకట్టులో ఇలా చౌడో జౌకో అయిన భూమి సుమారు 96 వేల హెక్టార్లు.

మందు తెలియక కాదు. గంగావతి వ్యవసాయ పరిశోధన కేంద్రం రెండు దారులు పరీక్షించింది. ఒకటి, కాలువ ఊట దిగే చోట చెట్లు పెంచడం. వేళ్లు అడుగునీటిని తాగి ఆకుల గుండా గాలికి వదులుతాయి. రెండోది, మీటరు లోతున చిల్లుల గొట్టాలు పరిచి ఉప్పునీటిని బయటికి తీయడం. బాబాయి పిల్లకాలువ వెంట ఒక వరుస నల్లతుమ్మ పెట్టాడు. దాని పక్క మళ్లు కాస్త తేరుకున్నాయంటాడు. కానీ చెట్టు నీటిని తీస్తుంది గానీ ఉప్పును తీయదు. ఉప్పు పోవాలంటే గొట్టాలే కావాలి. గొట్టంలోంచి వచ్చిన నీరు వంకలో పడాలి.

"మరి వంకేది బాబాయ్?"

"నువ్వు నిలబడింది దాని మీదే."

కింద వరి మడి. అటు మడి, ఇటు మడి.

"ఎవరు పూడ్చారు?"

"మొదట నేనే. తర్వాత అందరూనూ."

టీ బంకు దగ్గర కాలువ చివరి ఊరి రైతొకాయన బాబాయి వైపు చూడకుండానే అన్నాడు: "మీకు నీళ్లెక్కువై చెడె, మాకు లేక చెడె. కాలువ ఒకటే కదన్నా." బాబాయి జవాబివ్వలేదు. గ్లాసు ఖాళీ చేసి డబ్బులు ఇద్దరివీ ఇచ్చాడు.

ఆ మాటే అసలు విషయం. ఒక్క రైతు తన నాలుగెకరాల్లో ఏం చేసినా ఎగువ మడి ఊట ఆగదు, దిగువ వంక తెరుచుకోదు. నీరు పట్టాదారు పాసుపుస్తకం చూసుకుని పారదు. ఎత్తు నేలల్లో మళ్లీ జొన్న, కంది, పత్తి; ఊట దిగే చోట తుమ్మ, కానుగ; పల్లంలో తెరిచిన వంక. ఇదంతా ఉపకాలువ పొడవునా ఒకేసారి జరగాలి. లేకపోతే ఒకరి ఉప్పును ఇంకొకరి మీదికి తోసినట్టే అవుతుంది.

చెట్లంటే చాలు మొక్కలు నాటే ఉత్సవాలు మొదలవుతాయి, అదీ నాకు భయం. నది అవతల సిరుగుప్ప వైపు రేగడి బీళ్లలో, మెట్ట చేలల్లో, బట్టమేకపిట్ట ఈమధ్య దాకా కనబడుతూ వచ్చింది. దానికి కావలసింది చెట్టు కాదు, గడ్డి, జొన్న. బీడంతా నీలగిరితో నింపితే అది పచ్చదనం కాదు, ఇంకో రకం చౌడు.

మన నాయకులకు ఇదేదీ కనబడదు. 133 టీఎంసీల తుంగభద్ర జలాశయం పూడికతో 105 టీఎంసీల స్థాయికి దిగిందని, నవలి దగ్గర మరో జలాశయం కడతామని ఏళ్లుగా చెబుతున్నారు. ఆ నీరు వచ్చినా పోయే దారి లేని పొలాల్లోకే కదా వచ్చేది! నీళ్లు తేవడానికి ధర్నాలు చేశాం. నీళ్లు పోనివ్వమని ఒక్క ధర్నా చూడలేదు.

క్యాంపుల్లోని మనవాళ్లకు నాదొక మనవి. గ్రామ పటంలో వంక ఎటు పోతుందో సర్వేయరు చేత కొలిపించండి, హద్దురాళ్లు వేయించండి. చివరి ఊళ్ల రైతులను కూడా పక్కన నిలబెట్టుకోండి. కాలువ కట్టేసిన ఎండాకాలమే దానికి అదను.