మెట్టుగూడలో తప్పిపోయిన పాము

సికిందరాబాదు స్టేషనులో రైలు దిగి తార్నాక వైపు పోతుంటే నడుమ తగిలే ఊరు మెట్టుగూడ. ఊరంటే కొందరు ఒప్పుకోరు, నగరంలో పేట అనాలంటారు. కాని ఒకరి ఇంటి కబురు మరొకరికి పొద్దుగూకేలోగా తెలిసిపోయే చోటును ఊరు అనక మరేమంటాం? 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు నిజాం రైలు వచ్చింది. 1893లో పక్కనే లాలాగూడలో రైల్వే వర్కుషాపు వెలిసింది. వాటి వెంట గార్డులు, ఫిట్టర్లు, గుమాస్తాలు కుటుంబాలతో వచ్చి ఈ చుట్టుపట్ల స్థిరపడ్డారు. 2017 నవంబరు నుంచి మెట్రో రైలు మా నెత్తిమీదుగా పోతున్నది. అయినా కింద పాత క్వార్టర్లూ, వేపచెట్లూ, బీటలిచ్చిన ప్రహరీలూ, వాటి సందుల్లో ఎలుకలూ ఇంకా మిగిలే ఉన్నాయి. ఎలుకలున్న చోట పాములుండడం వింత కాదు గదా!

పాముకు మెట్టుగూడలో ఏడాదికి రెండు పండుగలు. తెలంగాణవారు శ్రావణంలో నాగపంచమి చేస్తారు. కోస్తా జిల్లాల నుంచి రైల్వే ఉద్యోగాలకు వచ్చినవారు దీపావళి వెళ్ళాక నాగుల చవితి చేస్తారు. తక్కిన రోజుల్లో పాము కనబడితే మాత్రం ఇరువురూ కలిసి కర్రలు తీస్తారు. ఈ ఒక్క విషయంలో ప్రాంతీయ భేదాలు లేవు.

రెండేళ్ళ కిందటి నాగపంచమినాడు నాగస్వరం ఊదుకుంటూ ఒక ముసలాయన మా వీధిలోకి వచ్చాడు. పిల్లలు మూగారు. ఆ తొక్కిసలాటలో ఎవరి కాలు తగిలిందో, బుట్ట దొర్లి మూత ఊడింది. అందులోని నాగుపాము పడగైనా విప్పకుండా సరసర పాకి, తెరిచి ఉన్న మా వంటింటి గుమ్మం దాటి లోపలికి పోయింది.

అయిదు నిమిషాల్లో మా పెరడు సభగా మారింది. కుర్రవాళ్ళు కర్రలు తెచ్చారు. పక్కవాటా బామ్మగారు, "పండుగనాడు స్వామి తనంతట తానుగా మీ ఇంటికి వచ్చాడు నాయనా! పాలు పెట్టి దణ్ణం పెట్టుకోండి" అన్నారు. ముసలాయన మాత్రం చేతులు జోడించి, "కొట్టనియ్యకుండ్రి సారూ! అది ఏం చెయ్యదు. కోరలు తీసేసిన, మూతి గూడ కుట్టిన. నా బిడ్డ లెక్క సాదుకుంటున్న" అని బతిమాలాడు. మా ఆవిడ ఈ మూడు వాదాలూ విని, ముందు పిల్లలను అవతలి వాటాకు పంపి, తరవాత నన్ను ఫోను చెయ్యమంది.

పాములను పట్టే స్వచ్ఛంద సేవకుడొకడు నాకు మా కాలేజీ ద్వారా పరిచయం. మన జంటనగరాల్లో ఇటువంటి సేవకు ఒక చరిత్రే ఉంది. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అనే సంస్థ 1995 నుంచి ఈ పని చేస్తున్నది. మా కుర్రవాడు ఫోనులోనే, "సార్, ఎవరినీ లోపలికి పోనియ్యకండి. తలుపు మూసి కింద సందులో తడిగుడ్డ కుక్కండి. గడప మీద, గోడల వెంబడి పిండి చల్లండి. పాము కదిలితే జాడ పడుతుంది" అన్నాడు. మా ఆవిడ ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. ఇన్నేళ్ళ సంసారంలో ముగ్గుపిండికి ఇటువంటి ఉద్యోగం తగలడం ఇదే మొదలు!

వానలో అతను వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. గడప మీద పిండి చెదరలేదు. గట్టు కింద గోడవార మాత్రం వంకరగా ఒక చార కనిపించింది. అతను టార్చి వేసి వంగి చూశాడు. గోడకూ పాత తిరగలికీ మధ్య ఉన్న సందులో చుట్ట చుట్టుకుని ఉంది. బయటికి వచ్చిన పాము నడిగదిలో కూర్చోదట. ఒంటికి అన్నివైపులా ఏదో ఒకటి తగిలే ఇరుకును, చీకటిని వెతుక్కుంటుందట. అతను చేత్తో పట్టుకోలేదు. సంచి మూతికి ఒక గొట్టం బిగించి దాని దగ్గర పెట్టి, వెనకనుంచి కొక్కెంతో మెల్లగా అదిలించాడు. చీకటి గొట్టం కలుగనుకుని పాము దానంతట అదే దూరింది.

సంచిలోకి పోయే ముందు మూతికి వేసిన దారం నాక్కూడా కనిపించింది. ఆ కుర్రవాడు ముసలాయనతో మెల్లగానే, "బిడ్డ నోరు ఎవరన్న కుడతరా తాతా?" అన్నాడు.

ముసలాయన తల దించుకున్నాడు. కాసేపాగి, "మా నాయిన నేర్పిన పని గిదే బిడ్డా. రేపటి సంది ఏం తినాలె?" అన్నాడు. అక్కడున్న మా అందరిలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు ఒక్కరూ లేరు. పాము అటవీశాఖవారికి అప్పగించడానికి స్కూటరు మీద వెళ్ళిపోయింది. ఆయన మా ఇంట భోజనం చేసి, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వానలోనే నడిచిపోయాడు.

వారం తరవాత అడిగితే, కుట్లు విప్పారనీ, పుండు మానుతున్నదనీ, అడవిలో వదలగలిగేదీ లేనిదీ అప్పుడే చెప్పలేమనీ అన్నాడు. ఇలా చిక్కిన పాములు చాలావరకు బతకవట. మనదేశపు పాములను పట్టడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కోరలు తీశాం గనుక భయం లేదనుకోవడమూ పొరపాటే. ఊడిన కోరలు మళ్ళీ మొలుస్తాయి.

బుట్టలో పాము పేదవాడి బతుకుదెరువైతే, అద్దాల పెట్టెలో పాము కలవారి ముచ్చట. ఆఫ్రికా నుంచి వచ్చిన కొండచిలువ జాతులను మన నగరాల్లోనూ పెంచుతున్నారు. అటువంటి విదేశీ జీవాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలని 2024లో నియమాలు వచ్చాయి. పెట్టె అద్దందైనా పాము బుద్ధి ఒకటే. సందు దొరికితే పోతుంది. మన తెలుగువాళ్ళు ఎందరో కాపురముంటున్న అమెరికాలోని రాలీ నగరంలో, ఒకరు పెంచుకుంటున్న విషపు జీబ్రా నాగు 2020 నవంబరులో తప్పించుకుంది. 2021 జూన్‌లో ఒక ఇంటి వసారాలో కనబడేదాకా ఇరుగుపొరుగులకు ఆ సంగతే తెలియదు! స్టాక్‌హోంలోని ఒక జంతుశాలలో 2022 అక్టోబరులో రాచనాగు దీపపు బిగింపు సందులోంచి దూరి మాయమైంది. గోడల్లో దాన్ని వెతకడానికి ఎక్స్‌రే యంత్రాలు తెచ్చారు. వారం తరవాత అదే తన గూటికి తిరిగి వచ్చింది. పగలేదు, ప్రతీకారం లేదు. తెలిసిన చోటు వెతుక్కుంది, అంతే.

భయపడవద్దని నేననడం లేదు. 2000 నుంచి 2019 వరకు మనదేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది మరణించారని 2020లో వెలువడిన పరిశోధన అంచనా. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర — ఈ నాలుగింటి విషానికీ పనిచేసే మందు ఒకటే. అది ఆసుపత్రిలో దొరుకుతుంది. కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం, మంత్రగాడి కోసం పరుగెత్తడం మాని, మనిషిని కదలనియ్యకుండా అక్కడికి చేర్చాలి.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక చివరికి ఒక సామెత ముచ్చట. కృతఘ్నుడికి మేలు చేస్తే 'పాముకు పాలు పోసి పెంచినట్టు' అంటాం. నిజానికి పాముకు పాలు అరగవు. రోజుల తరబడి నీళ్ళు లేక మాడ్చితే, దాహం కొద్దీ గుటక వేస్తుంది. మాడ్చినదీ మనమే, పోసినదీ మనమే. అది అడిగింది కాస్త చీకటి, ఒక సందు. ఆ మాత్రం మెట్టుగూడ పాతగోడల్లో ఇప్పటికీ బోలెడుంది.