లెక్కలో ఉన్న గాలి

గత వేసవిలో ఆదివారాలు మేము ముగ్గురం విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు పనికి వెళ్ళేవాళ్ళం. ఎం.టెక్. చదువుతున్నామని మేస్త్రి బాబాయ్‌కి గొప్పగా చెప్పుకున్నాం. అదే మా మెడకు చుట్టుకుంది.

ఒకరోజు టర్బో ఉన్న పెట్రోలు కారు వచ్చింది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ‘ఉస్స్’మని మోగాలని ఓనరు సరదాపడి, గాలిని బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వు పెట్టించుకున్నాడు. మోత బాగానే ఉంది గానీ, సిగ్నల్ దగ్గర కాలు తీయగానే ఇంజను వణికి ఆగిపోతోంది.

“పెద్ద చదువులోళ్ళు కదా, మీరే చూడండి” అన్నాడు బాబాయ్. బాగుచేస్తే వచ్చే కూలి మా సెమిస్టరు పరీక్ష ఫీజుకు. చెడగొడితే వచ్చే ఆదివారం పని ఉండదు.

స్ప్రింగు వదులైందని మేమే తేల్చేసి, పైనున్న స్క్రూ రెండు చుట్లు బిగించాం. వణుకు పోలేదు సరికదా, కాలు తీసినప్పుడల్లా పావురం రెక్కలు కొట్టుకున్నట్టు టపటప మొదలైంది. థ్రాటిల్ మూసుకోగానే టర్బో నెట్టిన గాలికి దారి కావాలి. స్ప్రింగు మరీ బిగిస్తే వాల్వు తెరుచుకోదు. ఆ గాలి వెనక్కి తిరిగి కంప్రెసర్ రెక్కలనే కొడుతుంది. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే!

బాబాయ్ చదివింది ఐదో తరగతి. కాసేపు చెవి పెట్టి విని, “ఒరేయ్, బయటికి పోయిన గాలిని లెక్కలోంచి ఎవడు తీసేస్తున్నాడ్రా?” అని అడిగాడు.

అప్పుడు వెలిగింది. అచ్చం మన హాస్టలు సంగతే. సాయంత్రం హాజరు చూసి వందమందికి ఎసరు పెడతారు. పదిమంది గోడ దూకి సెకండ్ షోకి పోతే అన్నం మిగిలిపోతుంది. (ఎవరెవరో ఇక్కడ రాయం.) ఫిల్టరు దగ్గరి సెన్సారు లోపలికొచ్చిన గాలిని లెక్కవేస్తే, కంప్యూటరు దానికి సరిపడా పెట్రోలు పోయిస్తోంది. ఆ గాలేమో వాల్వులోంచి గోడ దూకేస్తోంది. పెట్రోలు ఎక్కువై ఇంజను ఉక్కిరిబిక్కిరి అవుతోంది.

వాల్వు మూతికి గొట్టం తొడిగి, ఆ గాలిని సెన్సారుకీ టర్బోకీ నడుమనున్న పైపులోకే తిప్పాం. స్క్రూను సుద్దముక్క గుర్తు దాకా వెనక్కి తెచ్చాం. ఆ గుర్తు పెట్టించింది కూడా బాబాయే. టపటప ఇంకా కొంచెం ఉంది. అరచుట్టు వదిలి నడిపితే అదీ పోయింది గానీ, మళ్ళీ తొక్కినప్పుడు వాల్వు మూసుకోవడం ఆలస్యమై పికప్ చచ్చింది. పావుచుట్టు బిగించాం. బెంజి సర్కిల్ దాకా నాలుగుసార్లు తిరిగాం. నాలుగోసారి సిగ్నల్ దగ్గర కాలు తీసి ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఇంజను ఆగలేదు.

సాయంత్రం ఓనరు వచ్చి నడిపి చూసి, “మోత ఏదీ?” అన్నాడు.

“మోత కావాలంటే హారన్ కొట్టుకో బాబూ” అన్నాడు బాబాయ్.

ఆయన డబ్బులు తర్వాత ఇస్తానని వెళ్ళిపోయాడు. బాబాయ్ ఏమీ అనకుండా తన జేబులోంచి తీసి మా ముగ్గురికీ పంచాడు. మేము హాస్టలు చేరేసరికి హాజరు అయిపోయింది. గోడ దూకినవాళ్ళ పుణ్యమా అని అన్నం మాత్రం మిగిలింది.