ఎన్ని వాట్లు కాదు, ఎన్ని ఓంలు?

కార్లో సబ్‌వూఫర్ పెట్టించుకోవడానికి షాపుకెళ్ళే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని వాట్లు?". నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ముందు అడగాల్సింది "ఎన్ని ఓంలు?" అని. వేలకు వేలు పోసి సిస్టమ్ పెట్టించుకుని, తీరా బండి ఔటర్ రింగ్ రోడ్డెక్కి కాస్త వాల్యూం పెంచేసరికి ఆంప్లిఫైయర్ ఎర్రలైటు వెలిగించి మూగబోతే ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకి తెలుసు. ముఖ్యంగా రెండు వాయిస్ కాయిళ్ళున్న సబ్‌వూఫర్‌ని నాలుగు ఛానెళ్ళ ఆంప్‌కి తగిలించే దగ్గర చాలామంది పప్పులో కాలేస్తుంటారు.

అసలు ఈ రెండు కాయిళ్ళ గోలేంటి? మామూలు స్పీకర్లో కోన్ వెనక ఒక గొట్టం, దాని చుట్టూ తీగచుట్ట ఒకటి ఉంటుంది. డ్యూయల్ వాయిస్ కాయిల్ అంటే అదే గొట్టం మీద రెండు చుట్టలు, దేని ప్లస్సు మైనస్సు దానికి వేరుగా. అందుకే బయటికి నాలుగు టెర్మినళ్ళు కనిపిస్తాయి. రెండు కాయిళ్ళు కదా, బేస్ రెండింతలొస్తుందేమో అని ఆశపడకండి. కోన్ ఒకటే, అయస్కాంతం ఒకటే. తయారుచేసినవాడు మనకి అదనంగా ఇచ్చింది వైరింగులో వెసులుబాటు, అంతే.

ఆ వెసులుబాటు వెనకున్న లెక్క మనం పదో తరగతిలో చదివేసిందే. శ్రేణి సంధానంలో నిరోధాలు కూడుకోవాలి. సమాంతర సంధానంలో రెండు సమాన నిరోధాలు కలిస్తే సగమవుతాయి. 4+4 ఓంల సబ్‌వూఫర్‌ని సీరీస్‌లో కలిపితే 8 ఓంలు, ప్యారలల్‌గా కలిపితే 2 ఓంలు. 2+2 అయితే 4 ఓంలు లేదా 1 ఓం. అయిపోయింది, ఇంతే! ఎంసెట్ కోసం ఇంతకు పదిరెట్లు చిక్కు సర్క్యూట్లు నిమిషంలో విప్పిన మనం, షాపులో మాత్రం నోరు మూసుకుని "మీరే చూసి పెట్టండి భయ్యా" అనేసి పక్కనున్న టీకొట్టుకి వెళ్ళిపోతాం.

షాపువాడి లెక్క వేరే ఉంటుంది. వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగిస్తే పవర్ వస్తుంది కాబట్టి ఓంలు ఎంత తగ్గితే వాట్లు అంత పెరుగుతాయి అనేది ఆయనకి అనుభవంతో వచ్చిన జ్ఞానం. అది తప్పు కాదు కూడా. కాకపోతే ఆ వాట్లకి సరిపడా కరెంటు ఆంప్ ఇవ్వగలగాలి. ప్రతి ఆంప్‌కీ ఒక కనిష్ఠ లోడు ఉంటుంది. అంతకంటే కిందికి పోతే అది వేడెక్కుతుంది, ప్రొటెక్షన్లోకి పోతుంది, ఆ రక్షణ సరిగ్గా లేని చవక సరుకైతే లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి.

అసలు తిరకాసు బ్రిడ్జింగ్‌లో ఉంది. నాలుగు ఛానెళ్ళ ఆంప్ కొన్నవాళ్ళు సాధారణంగా చేసే పని: ముందు రెండు ఛానెళ్ళు డోర్ స్పీకర్లకి, వెనక రెండూ కలిపి బ్రిడ్జ్ చేసి సబ్‌వూఫర్‌కి. బ్రిడ్జ్ చేసినప్పుడు లోడుని ఒక చివర ఒక ఛానెలూ, రెండో చివర రెండో ఛానెలూ వ్యతిరేక దిశల్లో తోస్తాయి. దాంతో ఒక్కో ఛానెల్‌కి కనిపించే లోడు, మీరు తగిలించినదాంట్లో సగం. అందుకే మామూలుగా 2 ఓంల దాకా తట్టుకునే ఆంప్, బ్రిడ్జ్ చేస్తే 4 ఓంల దగ్గరే ఆగాలి. మాన్యువల్లో ఈ ముక్క రాసే ఉంటుంది. ఆ మాన్యువల్ డబ్బాతో సహా షాపు వెనక ఎక్కడో పడుంటుంది.

మా ఆఫీసులో ఒకాయన కార్లో జరిగింది ఇదే. సబ్‌వూఫర్ 2+2. ఆంప్ నాలుగు ఛానెళ్ళది, బ్రిడ్జ్ చేస్తే కనీసం 4 ఓంలు ఉండాలి. బిగించిన కుర్రాడు రెండు కాయిళ్ళనీ ప్యారలల్‌గా కలిపేశాడు, అంటే 1 ఓం. ఒక్కో ఛానెల్‌కి కనిపించేది అర ఓం! గల్లీలో మెల్లగా పాటలు పెట్టుకుంటే ఏమీ కాలేదు, ఎందుకంటే తక్కువ వాల్యూంలో కరెంటు తక్కువే కదా. స్పీడుమీద వెళ్తూ వాల్యూం పెంచగానే పది నిమిషాల్లో సిస్టమ్ ఆగిపోయేది. షాపుకి తీసుకెళ్తే "సార్, ఆంప్ సరిపోతలేదు, పెద్దది ఎయ్యాలె. ఒక కెపాసిటర్ గూడ పెడ్దాం" అన్నారట. మొత్తం 22 వేలు ఎస్టిమేటు. ఆయన డబ్బు కట్టడానికి సిద్ధపడిపోయి, మాటవరసకి లంచ్ దగ్గర నాతో అన్నాడు.

ఆ సాయంత్రం పార్కింగ్‌లో వైర్లు ఊడదీసి మల్టీమీటర్ పెడితే సబ్‌వూఫర్ దగ్గర ఒక ఓం కంటే కొంచెం తక్కువ చూపించింది. (లేబుల్ మీది అంకె కంటే మీటర్లో కాస్త తక్కువే చూపిస్తుంది. 4 ఓంల కాయిల్ మూడున్నర అటూ ఇటూగా చూపిస్తే కంగారు పడక్కర్లేదు.) మొదటి కాయిల్ మైనస్ నుంచి రెండో కాయిల్ ప్లస్‌కి ఒక జానెడు వైరు వేసి, మిగిలిన రెండు టెర్మినళ్ళనీ ఆంప్‌కి ఇచ్చాం. అంటే సీరీస్, 4 ఓంలు. ఆ తర్వాత ఆ ఆంప్ మళ్ళీ ఆగలేదు. 22 వేల సమస్యకి జానెడు వైరు మందు. షాపువాళ్ళు మోసం చేశారని నేననను. డాష్‌బోర్డు విప్పి గీత పడకుండా మళ్ళీ బిగించడంలో వాళ్ళ చేతివాటం మనకి రాదు. కానీ ఓంలు చూడమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, చెప్పమని మనం అడగలేదు.

"సీరీస్‌లో పెడితే బేస్ డల్ అవుతుంది" అనే మాట మీరు వినే ఉంటారు. దీనికి ఆధారం లేదు. ఒకే పవర్ ఇస్తే సీరీస్ అయినా ప్యారలల్ అయినా ఆ సబ్‌వూఫర్ ఒకేలా మోగుతుంది. పెట్టె కొలతలు నిర్ణయించే పారామీటర్లు, అంటే రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ, క్యూ లాంటివి రెండు పద్ధతుల్లోనూ మారవు. మారేదల్లా ఆంప్ నుంచి ఎంత పవర్ వస్తుందన్నదే. ఒక కాయిల్‌ని ఖాళీగా వదిలేస్తే మాత్రం క్యూ మారిపోతుంది, తట్టుకునే పవర్ కూడా సగమవుతుంది. కాబట్టి ఆ పని చెయ్యొద్దు.

సరే, ఇంట్లో ఇప్పటికే 4+4 సబ్‌వూఫర్ ఉంది, ఆంప్ బ్రిడ్జ్‌లో కనీసం 4 ఓంలు అడుగుతోంది, అప్పుడేం చేయాలి? ప్యారలల్ చేస్తే 2 ఓంలు, కుదరదు. సీరీస్‌లో 8 ఓంలు. పవర్ తగ్గుతుందని బాధపడుతూ కొందరు ఒక్కో కాయిల్‌ని ఒక్కో ఛానెల్‌కి విడిగా ఇచ్చేస్తారు. లెక్కేసి చూద్దాం. ఉదాహరణకి ఆంప్ ఛానెల్‌కి 4 ఓంల దగ్గర 75 వాట్లు, 2 ఓంల దగ్గర 110 వాట్లు, బ్రిడ్జ్ చేసి 4 ఓంలిస్తే 220 వాట్లు ఇస్తుందనుకోండి. విడివిడిగా ఇస్తే 75+75, మొత్తం 150. సీరీస్ చేసి 8 ఓంలు బ్రిడ్జ్‌కి ఇస్తే ఒక్కో ఛానెల్‌కి కనిపించేది 4 ఓంలు, కాబట్టి అక్కడా 150 వాట్లే! విడిగా ఇవ్వడం వల్ల ఒరిగిందేమీ లేదు. పైగా విడిగా ఇస్తే రెండు ఛానెళ్ళ గెయినూ సమానంగా ఉండాలి, రెండింటికీ ఒకే మోనో సిగ్నల్ వెళ్ళాలి, లేకపోతే రెండు కాయిళ్ళూ ఒకే కోన్‌ని చెరోరకంగా లాగుతుంటాయి. ఒకే బండికి ఇద్దరు డ్రైవర్లు ఎందుకు చెప్పండి?

ఇంకో మాట. 150 వాట్లకీ 220 వాట్లకీ మధ్య తేడా డెసిబెల్స్‌లో సుమారు 1.7 మాత్రమే. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్. మన చెవికి రెండింతలు వినిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదిరెట్ల పవర్. కాబట్టి ఆ 70 వాట్ల కోసం ఆంప్‌ని కాల్చుకోవడం కంటే, సబ్‌వూఫర్ పెట్టె సరైన కొలతలో, గాలి లీకు లేకుండా చేయించుకోవడం మేలు.

కొత్తగా కొనేవాళ్ళకి నా సలహా ఇది. ముందు ఆంప్, తర్వాత దాని కనిష్ఠ లోడు, ఆ తర్వాతే సబ్‌వూఫర్ కాయిల్. బ్రిడ్జ్‌లో 4 ఓంల ఆంప్ ఉండి ఒక్క సబ్‌వూఫర్ పెట్టుకుంటే 2+2 తీసుకోండి, సీరీస్‌లో 4 అవుతుంది. రెండు సబ్‌వూఫర్లు పెట్టుకుంటే 4+4 తీసుకోండి. ఒక్కోదాన్ని సీరీస్‌లో 8 చేసి, ఆ రెండింటినీ ప్యారలల్ చేస్తే మళ్ళీ 4. రెండు 2+2లతో ఎలా తిప్పినా 4 రాదు, కావాలంటే కాగితం మీద ప్రయత్నించండి. 1 ఓం, 2 ఓంలు తట్టుకునే మోనో ఆంపులు వేరే ఉన్నాయి. ఐదు ఛానెళ్ళ ఆంపుల్లో ఐదోది కూడా చాలావాటిలో 2 ఓంలు తట్టుకుంటుంది. ప్యారలల్ వైరింగ్ ముచ్చట అక్కడ తీర్చుకోవచ్చు.

రెండు కాయిళ్ళ పోలారిటీ తప్పక చూసుకోవాలి. ఒకటి తిరగేసి కలిపితే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కోన్ కదలదు, కరెంటు మాత్రం వెళ్తూ కాయిళ్ళని కాలుస్తూ ఉంటుంది. శబ్దం రావట్లేదని వాల్యూం పెంచితే ఇంక చెప్పేదేముంది. పరీక్ష సులువే. ఒక పెన్సిల్ సెల్ తీసుకుని ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ క్షణం పాటు తాకించండి. రెండు కాయిళ్ళకీ కోన్ బయటికే కదలాలి.

ఇక డబ్బా మీది వాట్ల సంగతి. అమెరికాలో 2003లో సీఈఏ-2006 అని ఒక ప్రమాణం తెచ్చారు (ఆ సంస్థ పేరు మారాక ఇప్పుడు సీటీఏ-2006). 14.4 వోల్టులు, 4 ఓంలు, వక్రీకరణ ఒక శాతం మించకుండా కొలిచిన పవర్‌నే చెప్పాలని దాని సారాంశం. పాటించడం స్వచ్ఛందం కాబట్టి పాటించనివాళ్ళూ ఉన్నారు. డబ్బా మీద 1200 వాట్లు అని రాసి, ఆంప్ మీద 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉంటే అనుమానించండి. 30ని 14.4తో గుణిస్తే 432. లోపలికెళ్ళేదే 432 వాట్లయితే బయటికి నిలకడగా 1200 ఎక్కణ్ణుంచి వస్తాయి? ఉత్తరాయణంలో పుట్టిన ఆంప్ అయినా ఇవ్వలేదు :)

చివరిగా ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకండి. బ్యాటరీ నుంచి ఆంప్‌కి వెళ్ళే పవర్ వైరుకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే, ఒకటిన్నర అడుగు లోపు ఉండాలి. ఆంప్ మీదున్న ఫ్యూజు ఆంప్ కోసం, బ్యాటరీ దగ్గరది వైరు కోసం. ఆ వైరు ఇంజిన్ గదిలోంచి లోపలికొచ్చే చోట రేకు కన్నానికి రబ్బరు గ్రోమెట్ కూడా ఉండాలి. అది లేక రేకు రాసుకుని వైరు తొడుగు చిరిగితే, మధ్యలో ఆపే ఫ్యూజు లేకపోతే, బ్యాటరీ శక్తంతా అక్కడే మంటవుతుంది. వెనక సీట్లో పిల్లలు కూర్చునే బండి అది.

బండి తాళాలు ఇచ్చే ముందు షాపులో మూడు మాటలు అడగండి. ఈ ఆంప్ బ్రిడ్జ్‌లో కనీసం ఎన్ని ఓంలు? ఈ సబ్‌వూఫర్ కాయిళ్ళు ఎంతెంత? ఎలా కలుపుతున్నారు? జవాబు మీకు ముందే తెలిసుండాలి. టీకొట్టుకి ఆ తర్వాత వెళ్ళొచ్చు.